చేపల చెరువులో పేలు, పురుగులు: ఏ కాలానికి ఏ జాగ్రత్త



గేదెకు పిడుదులు పట్టితే మన కంటికి కనబడుతుంది. పాలు పితకడానికి కూర్చున్న ఇల్లాలు ముందుగా చూస్తుంది. కోడి తూగినా, మేక మేత మానినా సాయంత్రానికల్లా ఇంట్లో అందరికీ తెలుస్తుంది. చేప సంగతి అట్లా కాదు. అది నీటి అడుగున తిరుగుతుంది. దాని ఒంటి మీద పేను పాకుతున్నా, దాని మొప్పలో పురుగు చేరినా గట్టు మీద నిలబడిన మనకు పైన నీరు మాత్రమే కనిపిస్తుంది. చేప తనంతట తాను పైకి తేలి కనిపించే నాటికి సగం పని అయిపోయి వుంటుంది. కనుక చేపను మనమే వెతికి చూడాలి. ఎప్పుడు చూడాలి, ఏమి చూడాలి, చూసిన మీదట ఏమి చేయాలి అనే మూడు సంగతులు ఈవేళ చెప్పుకుందాము.

కొల్లేరు చుట్టుపట్ల కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం ప్రాంతాలలో చేపల సాగు ఎంతగా పెరిగిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు చేపపిల్ల కావాలంటే వరదనీటిలో ఏరి తేవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిషాలోని అంగుల్ వద్ద డాక్టర్ హీరాలాల్ చౌధురిగారు పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి, చేప చేత గుడ్లు పెట్టించగలిగారు. ఆనాటి నుండి చేపపిల్ల హేచరీలో తయారు కావడం మొదలైంది. అందుకే జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాము. పిల్ల సమృద్ధిగా దొరికింది, చెరువులు పెరిగినవి, ఎకరాకు వేసే పిల్లల సంఖ్యా పెరిగింది. చేపలు వొత్తుగా వున్నచోట పేనుకు, పురుగుకు పండుగే గదా! ఒక చేప నుండి మరొక చేపకు పోవడానికి దానికి దూరాభారం లేదు.

ఇక కాలం సంగతి. మనిషికీ పశువుకూ శరీరపు వేడి సంవత్సరం పొడుగునా ఒకటే. చేపకు అట్లా కాదు. నీరు చల్లబడితే చేప చల్లబడుతుంది, నీరు వేడెక్కితే చేపా వేడెక్కుతుంది. చలికాలంలో దాని ఆకలి తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, రోగాన్ని ఎదిరించే శక్తి కూడా మందగిస్తుంది. వేసవిలో చేప చురుకుగానే వుంటుంది. కాని అప్పుడు పురుగుల గుడ్లు తొందరగా పొదుగుతవి, నీరు ఇంకిపోయి చేపలు వొత్తుబడతవి. అందుచేత కొన్ని జబ్బులు చలికి, కొన్ని ఎండకు, కొన్ని కొత్తనీటికి వస్తవి. ఈ వరుస తెలిసిన రైతు పంచాంగం చూసుకున్నట్లు ముందే సిద్ధంగా వుండవచ్చును.

ముందుగా వానాకాలం చూతము. మృగశిర కార్తె మొదలు కొత్తనీరు వస్తుంది, కొత్తపిల్ల వస్తుంది. నర్సరీ చెరువులో పిల్లలు వొత్తుగా వుంటవి. ఆ సమయంలో ట్రైకోడినా అనే సూక్ష్మజీవి చర్మాన్నీ మొప్పలనూ పట్టుకుంటుంది. అది కంటికి కనబడదు. సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రని చక్రంలాగా తిరుగుతూ కనిపిస్తుంది. పిల్లల ఒంటి మీద జిగురు ఎక్కువై, బూడిద పూసినట్లు రంగు తగ్గుతుంది. పిల్లలు గట్టు వారగా గుంపు కడతవి. వొత్తిడి తగ్గించి, నీరు మార్చితే చాలా వరకు సర్దుకుంటుంది. ఆ పని చేయకుండా ఎన్ని మందులు పోసినా ప్రయోజనం వుండదు.

కార్తీకం దాటి చలి ముదిరేసరికి మొప్పలకు గండం. డాక్టిలోగైరస్ అనే మొప్ప పురుగు, గైరోడాక్టిలస్ అనే చర్మపు పురుగు యీ కాలంలో బాధ పెడతవి. ఈ రెండవ దాని వింత చెబుతాను వినండి. ఇది గుడ్డు పెట్టదు, పిల్లను కంటుంది. ఆ పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే మరొక పిల్ల పెరుగుతూ వుంటుంది. అంత త్వరగా సంతానం పెరిగే పురుగును వారం రోజులు ఉపేక్షించినా ముప్పే. మొదటిది, అంటే మొప్ప పురుగు, గుడ్లు పెడుతుంది. మందు పురుగును చంపినా గుడ్డును చంపలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

చలికాలంలోనే మొప్పల మీద, పొలుసుల కింద బియ్యపు నూకల వంటి తెల్లని తిత్తులు కనిపించవచ్చును. మిక్సోబోలస్, థెలోహనెల్లస్ అనే పరాన్నజీవులు చేసే పని అది. వాటి బీజాలు చెరువు అడుగు బురదలోకి చేరి, అక్కడి సన్నని బురద పాముల శరీరంలో కొంత కాలం పెరిగి, మళ్లీ చేపను చేరుకుంటవి. దీనికి నమ్మదగిన మందు లేదు. పట్టుబడి అయిన తరువాత బురద తీయించి, చెరువు ఎండగట్టడమే వైద్యం.

ఇంకొక జబ్బు పుండ్ల జబ్బు. 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రాలలో కనబడి, తరువాత ఇతర ప్రాంతాలకు వ్యాపించింది. చేప ఒంటి మీద ఎర్రని మచ్చలు లేచి, అవి లోతైన పుండ్లుగా మారతవి. దీనికి మూలం అఫనోమైసిస్ అనే నీటి బూజు. ఇదీ చలిగాలి తిరిగిన తరువాతనే విజృంభిస్తుంది. పేను కుట్టిన గాయం, వలకు ఒరుసుకున్న గాయం వున్న చేపకు యీ బూజు సులువుగా పట్టుతుంది. కనుక చలి రాకముందే చేప చర్మాన్ని గాయం లేకుండా కాపాడుకోవడం మన మొదటి పని.

ఇక వేసవి. శివరాత్రి వెళ్లి నీరు వేడెక్కడంతో పేను పెరుగుతుంది. అదను దొరికితే చలికాలంలోనూ వదలదుగాని, ఎండలలో దాని వంశం త్వరగా వృద్ధి అవుతుంది. ఆర్గులస్ అని శాస్త్రజ్ఞులు పిలిచే యీ చేప పేను పెసరబద్దంత వుంటుంది. పలచగా, చదునుగా, దాదాపు గాజులాగా వుండి చేప రంగులో కలిసిపోతుంది. అడుగువైపు రెండు గుండ్రని పీల్చుడు చెంబులు వుంటవి. వాటితో చర్మానికి అతుక్కుని, సూదివంటి నోటితో పొడిచి, విషం వదిలి, రసం పీల్చుతుంది. అక్కడ ఎర్రని చుక్క పడుతుంది. ఆ చుక్కలో సూక్ష్మక్రిములు చేరితే పుండు. మన చేపలలో రాగండిని ఇది ఎక్కువగా పట్టుకుంటుంది. మన చెరువులలో ఎక్కువ భాగం రాగండే కనుక బాధ మనకు రెట్టింపు.

పేను పట్టిన చేప మేత సరిగా తినదు. గట్టుకూ, మేత సంచులు కట్టిన వెదురు కర్రలకూ ఒళ్లు రుద్దుకుంటుంది. ఉన్నట్టుండి నీటి పైకి ఎగురుతుంది. మేత ఖర్చు రోజూ వున్నదే, పెరుగుదల మాత్రం లేదు. చివరకు పట్టుబడి నాడు ఎర్రమచ్చల చేపను వ్యాపారి పక్కకు తీస్తాడు, ధర తగ్గిస్తాడు. కౌలు కట్టి, మేత అరువు తెచ్చిన రైతుకు ఆ తగ్గిన ధరే లాభానికీ నష్టానికీ మధ్య గోడ.

వేసవిలోనే లంగరు పురుగు కూడా వస్తుంది. లెర్నియా అంటారు. బొచ్చె చేపను ఎక్కువగా పట్టుకుంటుంది. దారప్పోగులాగా చర్మం నుండి బయటికి వేలాడుతుంది. అట్లా వేలాడేది ఆడ పురుగు. దాని తల లోపల కండలో లంగరు వేసినట్లు పాతుకుని వుంటుంది. తోకకొనను రెండు గుడ్ల సంచులు వుంటవి. దానిని చేతితో లాగకండి. తోక మన చేతికి వస్తుంది, తల లోపలనే వుండి చీము పట్టుతుంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. పదిహేను రోజులకు ఒకమారు చెరువులో మూడు చోట్ల విసురువల వేయండి. ఇరవై చేపలను తడి చేతులతో పట్టి చూడండి. రెక్కల మొదట, కడుపు కింద, తోక దగ్గర పేలున్నవేమో వెతకండి. మొప్ప మూత ఎత్తండి. ఆరోగ్యమైన మొప్ప మంచి ఎరుపుగా వుంటుంది. పాలిపోయి, జిగురు కమ్మి వుంటే అనుమానించండి. ఎన్ని చేపలకు పేలున్నవి, చేపకు ఎన్ని వున్నవి అని నోటు పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టండి. పోయినమారు ఇరవైలో రెండింటికి వుంటే యీమారు ఎనిమిదింటికి వున్నవనుకోండి, చేపలు ఎగిరే దాకా ఆగనక్కరలేదు. ఆ పుస్తకమే మీకు చెబుతుంది.

చాలామంది పొరబడే విషయం ఒకటి వున్నది. చేపలు పైకి తేలి నోరు తెరిస్తే అది ప్రాణవాయువు తక్కువా, మొప్ప పురుగా? తెల్లవారుజామున చెరువంతా తేలి, ఎండ వచ్చి పొద్దెక్కిన తరువాత తిరిగి అడుక్కు పోతే ప్రాణవాయువు తక్కువైనట్లు. మిట్టమధ్యాహ్నం కూడా తూము దగ్గర గుంపు కట్టి ఆయాసపడుతుంటే మొప్పలు చూడవలసిందే. మొదటి దానికి పురుగుమందు పోస్తే వున్న కాస్త ఊపిరీ పోతుంది.

పురుగు వున్నదని తేలింది. ఏమి చేయవలెను? పేను విషయం తీసుకుందాము. దాని బతుకు తెలిస్తే దాని చావు తెలుస్తుంది. ఆడ పేను గుడ్లు పెట్టవలసి వచ్చినప్పుడు చేపను వదిలి నీటిలో ఈదుతూ పోయి, గట్టి వస్తువు వెతుక్కుంటుంది. రాయి, కర్ర, మేత సంచుల వెదురు, తూము చెక్క, ఏదైనా సరే, దాని మీద వరుసలు వరుసలుగా వందలకొద్దీ గుడ్లు అంటిస్తుంది. వేడినీటిలో అవి రెండు మూడు వారాలలో పొదుగుతవి. పొదిగిన పిల్లకు కొద్ది రోజులలో చేప దొరకకపోతే చస్తుంది.

ఇందులో మనకు రెండు ఉపాయాలు దొరుకుతున్నవి. మొదటిది, గుడ్లు పెట్టే చోటును మనమే ఇవ్వడం. వెదురు బద్దలతో తడికలు అల్లించి, మేత వేసే చోట్లకు దగ్గరగా నీటిలో నిలబెట్టండి. పేను వచ్చి వాటి మీద గుడ్లు పెడుతుంది. వారం వారం వాటిని పైకి తీసి, రోజంతా మండుటెండలో ఆరబెట్టి మళ్లీ దించండి. గుడ్డు పొదగక ముందే ఎండిపోతుంది. వారం దాటి నెలకు ఒకమారు తీస్తామంటే మాత్రం మనం పేనుకు పురిటిల్లు కట్టించినట్లే అవుతుంది. మేత కర్రలను కూడా వంతుల వారీగా పెరికి, గీకి, ఎండబెట్టండి. దీనికి వెదురూ కూలీ తప్ప వేరే ఖర్చు లేదు.

రెండవ ఉపాయం, పట్టుబడి తరువాత చెరువును పూర్తిగా ఎండగట్టడం. అడుగు నెర్రెలు విచ్చి, మనిషి నడిస్తే కాలు దిగబడనంత వరకు ఎండాలి. మట్టి పరీక్ష చేయించి, దాని ప్రకారం సున్నం చల్లాలి. ఒక మూల గుంటలో నీరు మిగిలి, అందులో నాలుగు చిల్లర చేపలు మిగిలినా పేనుకు విత్తనం మిగిలినట్లే.

ఇక మందు మాట. పేనుకు ఇంత మందు పోశాము, పది రోజులు బాగున్నది, మళ్లీ వచ్చింది, మందు కల్తీ అని కొందరు అంటారు. మందు కల్తీ కావచ్చును, కాకపోవచ్చును. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇక్కడ పనికివస్తుంది. మందు చేప మీది పేనును చంపింది. కర్ర మీది గుడ్డును చంపలేదు. రెండు మూడు వారాలకు ఆ గుడ్డు పొదిగింది. రైతు కోపంతో మోతాదు రెట్టింపు చేశాడు. తట్టుకోగలిగిన పేలు బతికినవి, తట్టుకోలేని చేప పిల్లలు, చేపకు ఆహారమైన సన్నని జంతు ప్లవకాలు చచ్చినవి. నాలుగుమార్లు యిట్లా జరిగితే ఆ మందుకు లొంగని పేలే చెరువులో మిగులుతవి.

పంటమందుల దుకాణంలో వరికీ మిరపకూ అమ్మే మందును తెచ్చి చెరువులో పోయడం ఇంకా ప్రమాదం. ఒకనాడు చాలామంది వాడిన డైక్లోర్వాస్ అనే మందును కేంద్ర ప్రభుత్వం 2018లో ఉత్తర్వు చేసి, 2020 డిసెంబరు 31 నుండి పూర్తిగా నిషేధించింది. పాత డబ్బా యింట్లో మూల వున్నదని తీసి వాడకండి. అది పేనుకే కాదు, పడవలో కూర్చుని ముక్కుకు గుడ్డ లేకుండా చల్లే కూలీకి కూడా విషమే. రోజు గడవడానికి వచ్చిన మనిషి ఊపిరికి మన చేప ధరతో వెల కట్టగలమా? ఏ మందైనా మత్స్యశాఖ అధికారి చూసి రాసి ఇచ్చినదే వాడండి. ఎన్ని రోజుల తరువాత చేప పట్టవచ్చునో కూడా ఆయననే అడిగి రాసుకోండి. మందు వేసిన చేపను ఆ గడువు లోపల అమ్మడం, తినేవాని పళ్లెంలో మందు వడ్డించడమే.

మోతాదు అంటే నీటి మోతాదు. ఎకరానికి ఒక సీసా అనే లెక్క లెక్క కాదు. ఒక ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అందులో మీటరు లోతు నీరుంటే 4,047 ఘనపు మీటర్ల నీరు. ఘనపు మీటరుకు ఒక గ్రాము చొప్పున వేయమంటే ఎకరాకు నాలుగు కిలోల పైచిలుకు అవుతుంది. అదే అయిదడుగుల లోతు వుంటే ఆరు కిలోలు దాటుతుంది. వేసవిలో నీరు మూడడుగులకు దిగినప్పుడు కూడా అయిదడుగుల లెక్కన వేస్తే, వేయవలసిన దానికి ఒకటిన్నర రెట్లకు మించి వేసినట్లు! కనుక గడ తీసుకుని చెరువులో పది చోట్ల లోతు కొలవండి, సగటు కట్టండి. ఆ పది నిమిషాల పని వేల రూపాయల చేపను కాపాడుతుంది. మబ్బు పట్టిన రోజున, తెల్లవారుజామున, చేపలు తేలి వున్నప్పుడు ఏ మందూ వేయకండి.

కొత్తగా తెచ్చే పిల్లల విషయంలో ఉప్పునీరు మంచి కాపలా. లీటరు నీటికి 20 నుండి 30 గ్రాముల ఉప్పు కలిపి, పిల్లలను రెండు మూడు నిమిషాలు వుంచి తీయండి. ముందుగా నాలుగు పిల్లలతో పరీక్షించి చూడండి. పిల్లలు పక్కకు ఒరిగితే వెంటనే మంచినీటిలోకి మార్చండి. చర్మం మీది సూక్ష్మజీవులు చాలా వరకు వదులుతవి. వీలైతే కొత్తపిల్లను రెండు వారాలు హాపాలో విడిగా వుంచి, చూసిన తరువాతనే చెరువులో వదలండి. ఒక చెరువులో వాడిన వలను ఎండలో ఆరబెట్టకుండా మరొక చెరువులో వేయకండి. చచ్చిన చేపను కాలువలో విసరకండి. చెరువుకు దూరంగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చండి.

చివరకు అన్నిటికంటె పెద్ద మాట. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వస్తవి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. నడుమ మన చెరువులన్నీ ఒకే కాలువ నీరు తోడి, ఆ కాలువలోకే వదులుతున్నవి. ఈవేళ నా చెరువు వదిలిన నీటిలో పేను పిల్ల వుంటే రేపు మీ చెరువు మోటారు దానిని తోడుకుంటుంది. నేను ఎండగట్టి మీరు ఎండగట్టకపోతే నా కష్టం వృథా. మీరు మందు పోసిన నీరు వదిలితే నా పిల్లకు చేటు. కాబట్టి ఒక కాలువ మీద వున్న రైతులు కలిసి కూర్చుని నాలుగు కట్టుబాట్లు చేసుకోవాలి. నీరు వదిలే రోజు పక్కవారికి ముందుగా చెప్పడం, మందు వేసిన నీటిని గడువు దాకా ఆపడం, తోడే గొట్టానికి సన్నని వల కట్టడం, జబ్బు కనబడితే దాచకుండా చెప్పడం. జబ్బు బయటపెడితే ధర పోతుందని దాచే చెరువే, నెల తిరిగేసరికి కాలువ పొడుగునా అందరి ధరనూ పోగొడుతుంది. నోటు పుస్తకాలు ఎదురెదురుగా పెట్టి చూసుకుంటే ఎక్కడ మొదలైందో పోల్చవచ్చును.

సందేహం తోస్తే బతికి వున్న చేపను నీటిసంచిలో ప్రాణవాయువు పట్టించి, చెరువు నీటిని వేరే సీసాలో పట్టి పరీక్షకు పంపండి. కుళ్లిన చేపలో మొప్ప పురుగు దొరకదు; చేప చచ్చిన కాసేపటికే అది వదిలిపోతుంది. ఉండిలోని మత్స్య పరిశోధనా స్థానం, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, విజయవాడ దగ్గరి కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రం యీ ప్రాంతపు రైతుకు అందుబాటులో వున్నవి. ముందుగా మీ మండల మత్స్యశాఖ అధికారిని కలుసుకోండి.

గోటితో పోయేదానిని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని పెద్దలన్నారు. పదిహేను రోజులకు ఒక వల, వారానికి ఒక తడిక, ఏడాదికి ఒక ఎండ, యీ మూడూ మన చేతిలోని గోరు. వానలకు పిల్లను, చలికి మొప్పను, ఎండకు చర్మాన్ని చూసుకుంటూ వుండండి. ఈసారి చెరువుకు వెళ్లినప్పుడు మేత కర్ర ఒకటి పెరికి, దాని మీద చేయి పెట్టి చూడండి. గరుకుగా, వరుసలుగా ఏమైనా తగిలితే మీ పని ఆనాడే మొదలు పెట్టండి.